తిన్నావా తల్లీ

ఉదయగిరి,
ఈశ్వర సంవత్సరం, శ్రావణ బహుళ తదియ

అన్నయ్యకు చెల్లెలు పెంచలమ్మ నమస్కారాలు.

నా రాత చూసి నవ్వవద్దు. బడి మానేసి ఏడేళ్లయింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటున్నాయి. తప్పులు ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు, నీవే సర్దుకుని చదువుకో. గొడ్ల సావిడిలో కూర్చుని రాస్తున్నాను. పన్నెండు ఎద్దులుండే సావిడిలో ఇప్పుడు మూడే మిగిలాయి, అందుకని ఇటు ఎవరూ రారు. "ఆడది కలం పట్టుకుంటే ఇంటి గుట్టుకు కాళ్లొస్తాయి" అంటుంది మా అత్తమ్మ. చదివిన వెంటనే ఈ ఉత్తరం పొయ్యిలో వేసెయ్యి.

నేను బాగున్నాను. రెండు పూటలా జొన్నన్నం తింటున్నాను, పండుగనాడు వరి కూడా. ఊరంతా ఎండిపోయినా ఈ పెద్దింటి పాతరలో ఇంకా గింజలున్నాయి. ఆ చలవంతా మాలకొండమ్మదేనట. మా ఆయన మొదటి భార్య. పోయిన పుష్యంలో దుత్తలూరు దగ్గర పుట్టింటికి వెళ్లి వాంతిభేదితో పోయిందని నీకు తెలుసు కదా. పసుపు కుంకుమలతో పోయింది కనుక ఇంటిని కాచే పేరంటాలయిందని నడవలో గూడు కట్టి, వెండి ముఖం చేయించి పెట్టారు. నా మెడలో సూత్రం పక్కన ఆమె పేర ఒక వెండి బిళ్ల కట్టారు. నేను రోజూ మొదటి ముద్ద ఆ గూటి ముందు పెట్టి, రెండో ముద్ద తినాలి.

ముత్తయిదువగా పోయినవాళ్లకు పెట్టే అవిధవనవమి వస్తోంది కదా, ఆరోజు ఆమె తొలి పండుగ చేస్తున్నారు. కరువని తగ్గించేది లేదంటుంది అత్తమ్మ. ఏడుగురు ముత్తయిదువలు భోంచేస్తారు. ఆమెకు పెట్టిన చీర నేను కట్టుకుని గూటి పక్కన పీట మీద కూర్చోవాలి. అందరిలోకీ పెద్దామె మూడు మాటలు అడుగుతుంది. "తిన్నావా తల్లీ? నిండిందా తల్లీ? ఇంటిని చల్లగా చూస్తావా తల్లీ?" ఆమె తరఫున నేను "తిన్నాను, నిండింది, చూస్తాను" అనాలి. ఆ మూడు మాటలూ పలికితేనే పండుగ చెల్లినట్టు. నలుగురిలో నోరు పెగలని దాన్నని నీకు తెలుసు. మన ఊళ్లో పెళ్లికొడుకు పేరు చెప్పమన్నందుకే ఏడ్చిన దాన్ని. సావిడిలో ఎద్దులకు చెప్పి నేర్చుకుంటున్నాను.

ఇక్కడి సాలెవాళ్లందరూ మగ్గాలు వదిలి పోయారు. పసుపు పచ్చ చీర, ఎర్ర అంచుది, ఆత్మకూరులో నేయించి బండి తోలే దస్తగిరి చేత పంపమని అత్తమ్మ చెప్పింది. వదినను, పిల్లలను అడిగానని చెప్పు. మేము పంపిన జొన్నలు చేరాయా?

కాల్చడం మరువవద్దు.

నీ చెల్లెలు


ఆత్మకూరు,
2 సెప్టెంబరు 1877

సౌభాగ్యవతి పెంచలమ్మకు అన్న చెంచయ్య దీవించి రాయునది.

నీ అక్షరాలు మన బళ్లో పంతులు చూసి ఉంటే గోడకుర్చీ వేయించి ఉండేవాడు. అయినా అన్నీ అర్థమయ్యాయి. జొన్నలు చేరాయి. చిన్నవాడు మళ్లీ పరుగెత్తుతున్నాడు. ఆ ఇంట నిన్ను ఇచ్చినందుకు మేమందరం బతికి ఉన్నాము.

నాకు ఇప్పుడు సర్కారు గంజి కొట్టంలో పని. వచ్చిన వాళ్ల పేరు, ఊరు, మగడి పేరు పుస్తకంలో రాయాలి. పొద్దున్నే వెయ్యిమంది ముంతలు పట్టుకుని కూర్చుంటారు. మీ చీర నేసేవాణ్ణి కూడా ఆ వరుసలోనే పట్టుకున్నాను. వెంగయ్య అని మంచి పనివాడు. మగ్గం ఉంది, తిండి లేదు. నాలుగు మానికల బియ్యం ఇస్తానన్నాను.

అక్కడ గంజి కాచే ఆడవాళ్లలో మీ ఉదయగిరి వైపు మనిషి ఒకామె ఉంది. మగడి పేరు అడిగితే చెప్పదు, తన పేరూ చెప్పదు. "పేరు చెప్పలేదు" అని రాసుకున్నాను. నేను వెంగయ్యతో చీర సంగతి మాట్లాడుతుంటే తెడ్డు ఆపి వింది. "పెద్దింటి కొత్త కోడలు మీకేమవుతాది నాయనా?" అంది. చెల్లెలన్నాను. "ఆ పిల్ల కడుపు నిండా తింటా ఉండాదా?" అంది. తింటోందన్నాను. "ఆ ఇంటి పేరంటాలికి పసుప్పచ్చ పడదు, నీలం అంటే పాణం. నీలమే నేయించండి" అంది. మీ ఇంట్లో ఎప్పుడో పనిచేసిన మనిషి అయి ఉంటుంది. అత్తగారికి చెప్పి చూడు, మెచ్చుకుంటుంది. రంగు సంగతి తొందరగా రాయి.

మూడు మాటలకు భయపడవద్దు. కళ్లు మూసుకుని అనేసెయ్యి.

అన్న


ఉదయగిరి,
భాద్రపద శుద్ధ తదియ

అన్నయ్యకు,

నీవు రాసినట్టే చేశాను, చేయకుండా ఉండవలసింది. వినాయకచవితికి పిండి కొడుతూ "పేరంటాలికి నీలం ఇష్టమంట కదా అత్తమ్మా" అన్నాను. రోకలి ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"ఎవురు చెప్పినారే నీకు?"

"ఎవరో అనుకుంటుంటే విన్నాను."

"ఎవురే? పేరు చెప్పు."

గుర్తు లేదన్నాను. అత్తమ్మ ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు అన్నా, కొట్టదు, తిట్టదు, అన్నం దగ్గర ఇంకొంచెం పెట్టుకోమంటుంది. ఆరోజు మాత్రం పిండి అలాగే వదిలి ఆయన దగ్గరికి వెళ్లింది. ఇద్దరూ తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. మాపటికి ఆయన నా మొహం చూడకుండా "నీలమే నేయించమను" అని వెళ్లిపోయారు.

అన్నా, నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. మాలకొండమ్మ శవాన్ని వీళ్లెవరూ చూడలేదు. దుత్తలూరు పక్క ఊరంతా రోగం. ఆ ఇంట్లో ఎవరూ మిగలలేదని కబురు వచ్చింది. భయపడి ఎవరూ పోలేదు. మోదుగాకులతో బొమ్మ చేసి, ఏటి ఒడ్డున దహనం చేసి, పదకొండు రోజులూ ఆయనే చేతులారా కర్మ చేశారు.

కొత్తలో గంజి వార్చబోయి ఆమె ఎడమ చేయి కాల్చుకుందని, మచ్చ మణికట్టు నుంచి మోచేతి దాకా ఉందని అత్తమ్మ ఎన్నోసార్లు చెప్పి ఏడ్చింది. మీ కొట్టంలో ఆ మనిషి ఎడమ చేయి ఒకసారి చూడు. ఇంకేమీ అడగను.

ఈ ఉత్తరం తప్పకుండా కాల్చు. బూడిద కూడా ఉంచవద్దు.

పెంచలమ్మ


ఆత్మకూరు,
17 సెప్టెంబరు 1877

పెంచలమ్మకు,

చచ్చినవాళ్ల గూటి ముందు రోజూ ముద్ద పెట్టిస్తే చిన్నపిల్లకు ఇట్లాంటి భయాలే పుడతాయి. తప్పు నీది కాదు. మస్తాను సాహెబు దర్గా నుంచి తాయెత్తు తెప్పించి పంపుతున్నాను, జబ్బకు కట్టుకో. గంజి కాచే వాళ్లలో చేయి కాలని వాళ్లెవరు? ఆమె చేతి మీద పైట కప్పుకుని ఉంటుంది. పరాయి ఆడమనిషి పైట తీయించి చూడడానికి నేనెవరిని?

తవ్వితే నీళ్లే పడతాయని లేదమ్మా. నీవు తినే చోటు అది. నీ వదినా పిల్లలూ తినేది కూడా అక్కడి గింజే. వానలు పడే సూచనలు ఉన్నాయంటున్నారు, ఇంకొక్క రెండు నెలలు గడిస్తే చాలు. పండుగ బాగా జరిపించు. ఆ మూడు మాటలూ అని లే.

చీర నేయడం అయిపోయింది. దస్తగిరి చేతికి ఇచ్చి పంపుతున్నాను. చీర కోసం కొట్టం దగ్గరికి వచ్చినప్పుడు దస్తగిరి ఆ మనిషిని చూసి తలపాగా తీసి సలాం చేశాడు. ఎందుకని అడిగితే "అలవాటు నాయనా" అన్నాడు. వాడి మాటలేవీ పట్టించుకోకు, ముసలివాడు.

అన్న


ఉదయగిరి,
భాద్రపద బహుళ ఏకాదశి

అన్నయ్యకు,

పండుగ అయిపోయింది. ఎలా అయిందో నా నోటి నుంచే నీకు తెలియాలి, ఎందుకంటే ఊరు వేరే రకంగా చెబుతుంది.

దస్తగిరి అష్టమినాడు చీర తెచ్చాడు. దొడ్డి వాకిట్లో నేనే అందుకున్నాను. మూట ఇచ్చి కదలలేదు. "ఏంది తాతా?" అన్నాను.

"ఈ వాకిట్లోనే దించినానమ్మా ఆయమ్మని. ఉగాది పోయిన వారానికి. దుత్తలూరులో రోడ్డు పక్కన పడుండాది, ఎముకలే. పెద్దింటి కోడల్ని తాతా, ఇంటికి తోలకపో అనింది. ఎక్కించుకోనొచ్చినా."

"ఎవరు వచ్చారు బయటికి?"

"పెద్దమ్మ. చూసింది. ఒళ్లో రెండు మానికలు రాగులు పోసింది. 'మా కోడలికి కర్మ జరిగిపోయింది. కర్మ చేసినాక మనిషి గడప తొక్కితే ఇల్లు మిగలదు. నువ్వు ఎవురో, పో తల్లీ' అనింది. తిట్టలా. ఏడస్తానే అనింది."

"ఆయన?"

దస్తగిరి నేల చూశాడు. "బాయి కాడ ఉండాడు. చూసినాడు. లోపలికి పోయినాడు." మళ్లీ అన్నాడు. "నేనూ ఈ ఇంటి గింజ మోసి బతికేవాణ్ణే తల్లీ. అందుకే నోరు కుట్టుకోనుండా."

ఉగాది తర్వాత ఆమె వచ్చింది. నా పెళ్లి వైశాఖంలో. లెక్క నీవే చూసుకో అన్నా.

మర్నాడు పొద్దున్నే నాకు తలంటి ఆ నీలం చీర కట్టారు. ఎంత బాగా నేశాడో వెంగయ్య! ఓళిగలు, వడలు, పరమాన్నం. ఏడుగురు ముత్తయిదువలకు ఏడు విస్తళ్లు, గూటి ముందు ఎనిమిదోది. ప్రహరీ అవతల ఎంగిలి విస్తళ్ల కోసం వచ్చిన వాళ్ల చప్పుడు లోపలికి వినపడుతూనే ఉంది. అత్తమ్మ వెండి ముఖానికి పసుపు రాసి "నా తల్లీ, నా బంగారూ" అని ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు అన్నా. దొంగ ఏడుపయి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

పెద్దామె రామలక్ష్మమ్మవ్వ నా ముందు నిలబడి హారతి పట్టుకుని అడిగింది.

"తిన్నావా తల్లీ?"

నేర్చుకున్న మాట నాలుక మీదే ఉంది. గూటి ముందు ఎనిమిదో విస్తరి మీద ఈగలు వాలుతున్నాయి. అవ్వ మళ్లీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు "తినలేదు" అన్నాను.

ఎవరో నవ్వారు. "మొగుడి ముందర సిగ్గు దానికి" అన్నారు. అవ్వ తడబడి రెండో మాట అడిగింది. "నిండిందా తల్లీ?"

"నిండలేదు. నేను చావలేదు. ఆత్మకూరులో గంజి కాస్తా ఉండాను. పుస్తకంలో నా పేరు కూడా లేదు."

ఆ గొంతు నాదేనా అని నాకే అనిపించింది. అత్తమ్మ చేతిలో పసుపు గిన్నె పడిపోయింది. మూడో మాట అడగవద్దని ఆమె చెయ్యెత్తేలోపే అవ్వ అడిగేసింది. "ఇంటిని చల్లగా చూస్తావా తల్లీ?"

"దొడ్డి వాకిట్లో నిలబెట్టి రెండు మానికలు రాగులు పోసినారే, ఇంక ఏ ఇంటిని చూడమంటారు?"

అప్పుడేం జరిగిందో తెలుసా? అందరూ నా కాళ్ల మీద పడ్డారు. "పూనింది! అమ్మ పూనింది!" అని కేకలు. నాకు వేపాకు విసిరారు, కర్పూరం వెలిగించారు. నా మీద ఎవరూ పూనలేదని, నేను పెంచలమ్మనని, తెలివిలో ఉండే చెబుతున్నానని అరిచాను. "అవును తల్లీ, అవును తల్లీ" అన్నారు. పేరంటాలు కరువులో ఆకలిగొన్న వాళ్ల రూపంలో గంజి అడుగుతోందని రామలక్ష్మమ్మవ్వ అర్థం చెప్పింది. అత్తమ్మ ఒక్కతే కిందపడలేదు. నిలబడి నన్ను చూసింది. తర్వాత ఆమె కూడా వంగి నా పాదాలు పట్టుకుంది. గట్టిగా, గోళ్లు దిగేటట్టు.

ఈరోజు మూడు బండ్ల జొన్నలు మీ గంజి కొట్టానికి బయలుదేరుతున్నాయి, పేరంటాలి పేర. ఊరూరి నుంచి ఆడవాళ్లు నా దగ్గరికి వస్తున్నారు, వాన ఎప్పుడు పడుతుందని అడుగుతున్నారు. ఇక నేను ఏ నిజం చెప్పినా అది నేను చెప్పినట్టు కాదు.

నిన్న ఆయన వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డారు. "బాగుండాదా?" అన్నారు. ఎవరని అడగలేదు నేను. "పోయి చూడండి" అన్నాను. "కర్మ చేసిన చేతులు. ఏ మొహంతో పోయేది?" అన్నారు. ఆ చేతులతోనే నాకు తాళి కట్టారని అనలేకపోయాను.

నీలం చీర దస్తగిరి చేత పంపుతున్నాను. అది ఎవరిదో వాళ్లకు ఇవ్వు. ఈ ఉత్తరం ఏం చేయాలో నీ ఇష్టం.

పెంచలమ్మ


ఆత్మకూరు,
11 అక్టోబరు 1877

పెంచలా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను.

మొదట నా తప్పు. నీ పెళ్లికి వారం ముందు దస్తగిరి నాతో "పిల్లనిచ్చే ముందర ఆ ఇంటి దొడ్డి వాకిలి సంగతి కనుక్కో నాయనా" అన్నాడు. నేను కనుక్కోలేదు. ఆరోజుకు మన ఇంట్లో పొయ్యి వెలిగి రెండు రోజులయింది. నా నడిపి కూతురు అప్పటికే పోయింది, చిన్నవాడు లేవలేకుండా ఉన్నాడు. నిశ్చితార్థానికి వాళ్లు రెండు బస్తాలు పంపారు. నేను చెవులు మూసుకున్నాను. ఈ కొట్టంలో ఆమెను మొదటిసారి చూసినప్పుడు నిజంగా తెలియలేదు. లేక తెలిసే, నోటితో చెప్పలేక, నీలం రంగు సంగతి రాశానేమో. నాకే తెలియడం లేదు.

చీర ఇచ్చాను. విప్పి చూసి, వాసన చూసింది. "కర్పూరం వాసన ఉండాది" అంది. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. పొయ్యి ముందు కూర్చుని విన్నది. నీవు అన్న మూడు జవాబులూ రెండోసారి చదివించుకుంది. అప్పుడు ఎడమ చేతి మీద పైట జారింది. ఉంది, మణికట్టు నుంచి మోచేతి దాకా.

"చచ్చినదానికి పెట్టిన కోక బతికింది కట్టుకోగూడదు నాయనా. నేసినాయన పెండ్లాం చింకిపాతలో ఉండాది, దానికియ్యండి" అంది. ఇచ్చేశాను. నీకు ఏమైనా చెప్పమంటావా అని ఆమెను అడిగాను. చాలాసేపు తెడ్డు తిప్పింది. "ఈతూరి ఎవురన్నా తిన్నావా తల్లీ అని అడిగితే, ఆ పిల్లను తిన్నానని చెప్పమను. దాని మాట అది చెప్పుకోవాల గానీ నా మాట ఎందుకు?" అంది.

ఆ సాయంత్రమే మీ బండ్లు వచ్చాయి. పసుపు కుంకుమ పూసిన బస్తాలు. బండ్లతో వచ్చిన మనిషి "పెద్దింటి పేరంటాలి ధర్మం" అని కేక వేసి దించాడు. జనం చేతులెత్తి మొక్కారు. మర్నాటి గంజి ఆ జొన్నలదే. తెల్లవారి చూస్తే ఆమె లేదు. తెడ్డు కడిగి పొయ్యి పక్కన ఆనించి ఉంది. సంగం వైపు పోయిందని ఒకరు, మర్రిపాడు దారిలో చూశామని ఒకరు. రెండు రోజులు వెతికాను. దస్తగిరి ఇంకా వెతుకుతున్నాడు.

తన కర్మ కూడు తానే కాచలేకపోయింది. అంతే.

నన్ను క్షమించమని అడిగే హక్కు లేదు. నీ ఉత్తరాలు నీవు చెప్పినట్టు కాల్చలేదు. అదొక్కటీ మాత్రం తప్పు అనుకోవడం లేదు.

చెంచయ్య


ఉదయగిరి,
ఆశ్వయుజ శుద్ధ దశమి

అన్నా,

వాన పడింది. నావల్లనే పడిందని ఊరు చెప్పుకుంటోంది. జమ్మి పూజకు వెళ్తుంటే నా కాలి కింద మట్టి తీసుకుని కొంగున కట్టుకుంటున్నారు. ఉదయగిరి కొండ మీద నుంచి నీళ్లు తెల్లగా దిగుతున్నాయి. ఎంత అందంగా ఉందో రాయడానికి మనసు రావడం లేదు.

ఆమెకు ఒక పూట కూడు పెట్టించాలని నోరు తెరిచాను. నా మాటే మూడు బండ్లై పోయి ఆమెను ఆ గంజి దగ్గరి నుంచి కూడా లేపేసింది. ఇది నేను మోయవలసింది, నీకు పంచడం లేదు. నిన్ను తిట్టను. చిన్నవాడు పరుగెత్తుతున్నాడని రాశావు కదా, ఆ పరుగు చూసే నేనూ నోరు మూసుకుని ఉండేదాన్నేమో. కానీ జొన్నలు మళ్లీ పంపించమని నేను అడగను. వానలు పడ్డాయి, పని చేసుకుని తినండి.

మెడలో బిళ్ల తెంపేశాను. "పేరంటాలు తెంపమనింది" అన్నాను. అబద్ధం చెబితే ఈ ఇంట్లో నా మాట వెంటనే సాగుతుంది. మొదటి ముద్ద గూటి ముందు పెట్టడం కూడా మానేశాను. ఆ ముద్ద దొడ్డి వాకిలి తీసి గడప మీద పెడుతున్నాను. ఎవరు తీసుకుంటారో చూడను. ఆ వాకిలికి గడియ వేయవద్దని చెప్పాను. ఆయన విన్నారు, వేయడం లేదు.

నీవు ఒక్క పని చెయ్యి. నీ పుస్తకంలో "పేరు చెప్పలేదు" అని రాసిన చోట కొట్టివేసి రాయి. పేరు మాలకొండమ్మ. ఊరు ఉదయగిరి. పెద్దింటి పెద్ద కోడలు. బతికి ఉంది.

ఆమె చచ్చిందని చెప్పడానికి ఇక్కడ గూడుంది, వెండి ముఖముంది, ఏటేటా పండుగ ఉంది. బతికి ఉందని చెప్పడానికి నా వంకర అక్షరాలు తప్ప లోకంలో ఇంకేమీ లేవు. ఈ కాగితం, వెనకటివి అన్నీ, చెదలు పట్టని చోట దాచు.

పెద్దింటి రెండో కోడలు
పెంచలమ్మ